వార్నిష్ పూసిన ఇసుర్రాయి

ఆ పొద్దున మబ్బులు పెద్దమందడి మీదుగా తూర్పుకు పోతున్నాయి. వాన పడే రకం కావు. ఎండను కాసేపు మూసి, మళ్లీ వదిలేస్తున్నాయి. కురుమయ్య బండి తీశాడు. వెనక అతని తల్లి జమ్ములమ్మ, దంచిన పసుపుకొమ్ముల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

కురుమయ్య కూతురు అర్చన పెళ్లికి పొద్దు నెత్తికెక్కకముందే తొలి పసుపు విసరాలి. ఆ ఇంట్లో ఎవరి పెళ్లికైనా ఆ పసుపు ఒకే ఇసుర్రాయిలో విసిరేవారు, తొలి గుప్పెడు ఇంటి పెద్ద ముత్తైదువే పోసేది. పిండిమిల్లు వచ్చాక రాయి దొడ్లో మూలన పడింది. వనపర్తిలో పాత బంగ్లాను బాగుచేసి మ్యూజియం పెడుతున్నామని కొందరు పాతసామాను అడుగుతూ వస్తే, కురుమయ్య తల్లితో చెప్పకుండానే ఎత్తించాడు. పసుపు ముచ్చట వచ్చేదాకా అది ఎవరికీ గుర్తు రాలేదు.

"వేరే రాయిల ఇసిరితే అది నా మనుమరాలి పసుపే కాదు" అంది జమ్ములమ్మ. ఆ తర్వాత కొడుకుతో మాట్లాడలేదు.

బంగ్లా గేటు దగ్గర కావలి వాళ్ల ఊరి అబ్రహామే. అతని తల్లి మల్లమ్మ ఒకప్పుడు వీళ్ల చేన్లో కలుపు తీసేది.

"ఏం అవ్వా, మ్యూజియం చూడనీకి వచ్చినవా?"

"నా రాయిని చూడనీకి వచ్చిన, పెండ్లి పసుపు ఇసరనీకి. ఈడు అమ్ముకున్నడు గదా."

"అమ్మలేదే, ఊకెనే ఇచ్చిన" అన్నాడు కురుమయ్య.

"అది ఇంకా సిగ్గు."

లోపల కత్తులు, తలపాగాల ఫొటోలు. జమ్ములమ్మ ఒక్క గంప దగ్గర ఆగింది. "ఇది కోళ్లగంప. దీన్ని గూడ చూస్తరా మనుషులు?"

రాయిని అరుగు మీద పెట్టి చుట్టూ తాడు కట్టారు. అబ్రహాం తాడు విప్పాడు. "సారు లేడు. జల్ది ఇసురుకో అవ్వా."

కురుమయ్య పైరాయి ఎత్తాడు. లోపలి గంట్లన్నీ పూడుకుపోయి నల్లగా మెరుస్తున్నాయి. జమ్ములమ్మ గోటితో గీకింది. గోటికి పెచ్చు వచ్చింది.

"ఏం పూసిండ్రురా దీనికి?"

"వార్నిష్. మెరవాలన్నరు" అన్నాడు అబ్రహాం.

"దీంట్ల ఇసిరితే పిల్ల మొఖానికి రంగేసినట్టే."

ఆమె అక్కడే నేల మీద కూలబడింది. కురుమయ్య కిటికీలోంచి ఎండ చూశాడు. పొద్దు పైకి వస్తోంది.

"మా ఇంట్ల ఉంది అవ్వా ఇసుర్రాయి. మొన్ననే కృప గంట్లు కొట్టిచ్చింది" అన్నాడు అబ్రహాం. అని, తాడు కట్టే పనిలో పడ్డాడు.

జమ్ములమ్మ చెంబు ఎత్తి, తాకకుండా మల్లమ్మ దోసిట్లో నీళ్లు పోయడం కురుమయ్య చిన్నప్పుడు చూశాడు. ఊళ్లో మల్లమ్మ వాళ్ల వాడలోకి జమ్ములమ్మ ఎన్నడూ అడుగు పెట్టలేదు.

జమ్ములమ్మ మూట ముడి బిగించింది. "దూరమా?"

"ఎనక గల్లీనే. నౌకరి దొరికినంక ఈడ్నే కిరాయికి ఉంటున్నం."

అబ్రహాం భార్య కృప రాయి కడిగి గోనెపట్టా మీద పెట్టింది. జమ్ములమ్మ పిడికి పసుపుకొమ్ము కట్టి, తొలి గుప్పెడు పోసింది. కృప దూరంగా గోడకు ఆనుకుని నిలబడింది.

"చూస్తున్నవేంది? ఒక్కదాన్ని తిప్పుకోవాల్నా? రా, అటు కూసో."

కృప మొగుడి వైపు చూసింది. తర్వాత వచ్చి ఎదురుగా కూర్చుంది. ఒకే పిడి మీద ఇద్దరి చేతులు. రాయి గరగరమంది.

విసిరిన పసుపు మూట కట్టుకున్నాక, ఇక బయల్దేరడమే అనుకుని కురుమయ్య బండి తాళం తీశాడు. జమ్ములమ్మ లేవలేదు. పొయ్యి మీది పప్పు వైపు చూసి, "ఆకలైతుంది బిడ్డా" అంది.

కృప జొన్నరొట్టెలు, పప్పు పెట్టింది. అబ్రహాం గడప దగ్గరే నిలబడితే, జమ్ములమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది. నలుగురూ తిన్నారు. జమ్ములమ్మ ఇంకో రొట్టె కోసం పళ్లెం ముందుకు జరిపింది. కృప వేసింది.