అద్దం దాటి రాని ఎండ

ఇలా దగ్గరకు జరగండి, దూరంగా కూర్చుంటే సగం మాటలు గాలికి పోతాయి. బొంగరం సంగతి చెబుతాను. అసలు పేరు అది కాదు. కుట్టుషెడ్డులో చేరిన కొత్తలో ఒక్కచోట నిలిచేది కాదని అందరూ అలా పిలిచారు. పిలుపు మిగిలింది, తిరగడం పోయింది.

ఒక మధ్యాహ్నం లేవబోయి, మిషను బల్ల పట్టుకుని మళ్లీ కూలబడింది. తొడల్లో సత్తువ లేదు. నడుములో ఎముక ఎముకా సలుపుతోంది. జ్వరమా, లేదు. దెబ్బా, తగల్లేదు. పైకి చూస్తే రాయిలా ఉంటుంది మనిషి.

"ఏం బొంగరం, తాడు తెగిందా?" అన్నాడు మేస్త్రీ. షెడ్డంతా నవ్వింది. ఆమే ముందు నవ్వింది. నవ్వకపోతే ఇంకో మాట పడాలి.

రంగుబట్ట వెలిసిపోతుందని ఆ షెడ్డు కిటికీ అద్దాలన్నిటికీ నల్లరంగు పూశారు. దుమ్ము పడుతుందని తలుపూ మూసే ఉంచుతారు. తెల్లవారకముందే లోపలికి పోవడం, చీకటిపడ్డాక బయటికి రావడం. అన్నం మిషను పక్కనే. సెలవునాడు ఇంటి చాకిరీ. ఆ ఇంట్లోనూ పట్టపగలే దీపం వెలగాలి.

ధర్మాసుపత్రి డాక్టరమ్మ వేసవికి ముందే రక్తం చూసి చెప్పింది. "వేరే జబ్బేం లేదమ్మా. ఒంట్లో డి విటమిన్ అడుగంటింది. మధ్యాహ్నం కాసేపు ఎండలో కూర్చో. మాత్రలు ఇక్కడ అయిపోయాయి, వచ్చాక ఇస్తాం."

"ఎండ ఏ కొట్లో అమ్ముతారు డాక్టరమ్మా?" అంది బొంగరం.

ఇంట్లో అత్త ముక్కున వేలేసుకుంది. "ఎండ తగల్లేదని ఆసుపత్రికి పోయావా! మేం ఎండ తప్పించుకోలేక చచ్చేవాళ్లం కదే."

బొంగరం మేస్త్రీని బతిమాలింది. ఆయనా రాతిమనిషేం కాదు. బ్లేడు తెచ్చి ఒక అద్దం మీద రంగు గీకించి, ఆమె మిషను ఆ కిందికి జరిపించాడు. అరచేతంత ఎండ ఆమె మోచేతి మీద పడింది. "రాణిగారింటికి సూర్యుడే నడిచొచ్చాడు" అని పక్క మిషను అక్క ఆటపట్టించింది. అంత మేలు చేసినవాడు ఇంకో కట్ట కుట్టమంటే కాదనడానికి బొంగరానికి నోరు రాలేదు. అన్నంవేళ కూడా ఆ వెలుగులోనే కూర్చుని కుట్టింది, బాగుపడుతున్నాననుకుంటూ. వేసవి వెళ్లింది. నొప్పి వెళ్లలేదు.

ఇందాక చెప్పిన మధ్యాహ్నానికి ముందురోజు మళ్లీ ఆసుపత్రికి వెళితే, అద్దం సంగతి విని డాక్టరమ్మ తల పట్టుకుంది. "అద్దంలోంచి వెలుగొస్తుంది, వేడొస్తుంది. నీ ఎముకలకి కావలసింది మాత్రం అద్దం దాటి రాదమ్మా. మాత్రలూ ఇంకా రాలేదు."

అందుకే ఆ మధ్యాహ్నం, షెడ్డు నవ్వు ఆగాక, బొంగరం అంది: "అన్నా, అన్నంవేళ కాసేపు తలుపు తియ్యి. బయట కూర్చుని వస్తా."

"నీకోసం అద్దం గీకించానా లేదా?"

"గీకించావన్నా. అందులోంచి రాదంట."

"సూర్యుడికే వంకలు పెడుతున్నావే! చూడు, ఒక్కళ్లకి తీస్తే అందరికీ తియ్యాలి. గడప దాటితే మళ్లీ లోపలికి రాకు."

బొంగరం పక్క మిషను అక్క వైపు చూసింది. ఆ అక్కా మోకాళ్లు పట్టుకోకుండా లేవలేదు. అక్క తల దించుకుని సూదిలోకి దారం ఎక్కించుకుంది.

బొంగరం గోడ పట్టుకుంటూ వెళ్లి, తానే గడియ తీసింది. వెనక ఎవరో మళ్లీ వేశారు.

బయట రెండు గోడల మధ్య సన్నని సందు. అందులో చాప వెడల్పు ఎండ. మెల్లగా కూర్చుని, రవిక చేతులు పైకి మడిచి, చీర మోకాళ్లదాకా లాక్కుంది. లోపల మిషన్లు మొదలయ్యాయి. వాటిలో తొక్కుడుబద్ద కిర్రుమనే మిషను ఒకటుంది, అది ఆమెదే. ఎవరో కూర్చున్నారన్నమాట. ఇంట్లో అత్తకు ఏం చెప్పాలో ఆమెకు తోచలేదు. లేవనూ లేదు. ఎండ గోడవైపు జరుగుతోంది. దాంతోపాటే తనూ చేతులాన్చుకుంటూ జరిగింది.

తర్వాతేమైందని నన్నడక్కండి. రాయిలాంటి మనిషి ఎముకలు నొప్పులని చెబితే, అది బద్ధకమనేముందు ఆమెను ఒకసారి తలుచుకోండి. మీ వాళ్లకూ చెప్పండి, ఆ సందులో ఎండ ఎంతుందో అంతే చెప్పండి, ఎక్కువ చెయ్యకండి.