దాత పేరు, తారీఖుతో సహా

చిలకలూరిపేటలో ఇనప్పని చేసే హయాత్‌కి 1958 ఎండాకాలంలో ఒక నోటీసొచ్చింది. పిడి తిప్పితే మిరపకాయల్లోని మట్టీ, రాలిన గింజలూ కిందపడే జల్లెడ పీపాను కొత్తగా కనిపెట్టింది జిన్నింగు మిల్లు యజమాని చెంచురామయ్యగారట. పేటెంటుకు దరఖాస్తు పెట్టారట. ఇకమీదట ఇంకెవరూ చెయ్యకూడదట. ఆరేళ్లుగా ఆ పీపాలు చేసుకునే బతుకుతున్న హయాత్‌కి ఒళ్లు మండిపోయింది. చెంచురామయ్యగారు జీవితంలో కనిపెట్టింది ఏదైనా ఉంటే అది ఎదుటివాడి కష్టమే.

ప్లీడరు జయరావు నోటీసు చదివి నవ్వాడు. "దరఖాస్తుకి ముందే నలుగురూ వాడుతున్న వస్తువుకి పేటెంటు రాదు. కలకత్తా ఆఫీసుకి అభ్యంతరం రాద్దాం. రుజువేదీ?"

"పేటంతా తెలుసండీ."

"పేటంతా కలకత్తా రాదుగా. తారీఖున్న కాగితం కావాలి."

హయాత్‌వి నోటిమాట బేరాలు. కాగితం ఎక్కడిది? తల పట్టుకుని కూర్చున్నవాడు ఉన్నట్టుండి లేచాడు.

"కాగితం లేదు గానీ, ఇనుం మీద ఉందండీ. చెక్కింది నేనే."

చెంచురామయ్యగారికి దానం చేసే పిచ్చి లేదు, దాతగా పేరు చెక్కించుకునే పిచ్చి ఉంది. రెండేళ్ల క్రితం హయాత్ దగ్గరే ఒక పీపా కొని రైతుల సంఘానికిచ్చారు. 'దాత: శ్రీ చెంచురామయ్యగారు, 14-3-1956' అని దానిమీద జానెడు అక్షరాలు చెక్కించారు. ఆ 'గారు' కూడా దగ్గరుండి ఆయనే చెక్కించారు. దరఖాస్తు పెట్టేటప్పుడు, కలకత్తావాళ్లు పేట దాకా వచ్చి చదువుతారా అనుకున్నారు కాబోలు.

జయరావు ఫొటో తీయించి పంపాడు. దీనికేమంటారని కలకత్తా నుంచి చెంచురామయ్యగారికి ఉత్తరం వచ్చింది. ఆ దానం నాదే అంటే పేటెంటు పోతుంది, కాదంటే దానం పోతుంది. ఆయన కాదనడానికే సిద్ధపడ్డారు. ఈలోగా ఆయనంటే బొత్తిగా గిట్టని సంఘం ప్రెసిడెంటు గురవయ్య మిల్లుకొచ్చి కూర్చున్నాడు.

"ఏరా చెంచురామయ్యా, ఆ పీపా నువ్విచ్చింది కాదంటగా. సరేలే, నీ పేరు అరగదీయించి నా పేరు చెక్కించుకుంటా."

చెంచురామయ్యగారి ముఖం కందగడ్డలా అయింది. "నా దానం మీద నీ పేరేంట్రా?" అంటూ అప్పటికప్పుడే రాసి సంతకం పెట్టి పంపారు: ఆ పీపా నేనిచ్చిందే, ఆ తారీఖున నలుగురి ఎదుటా ఇచ్చాను.

పేటెంటు రాలేదు. 'చెంచురామయ్యగారు దానం చేసిన యంత్రం ముందే వాడుకలో ఉన్నందున' అని ఉత్తర్వులో రాశారు. జయరావు చదివి వినిపించాడు.

"నా పేరెక్కడుందండీ?" అన్నాడు హయాత్.

"నీ పని నిలబడింది కదయ్యా. పేరెందుకు?"

గెలిచిన సంతోషం హయాత్‌కి అక్కడే సగం చచ్చిపోయింది. ఆ కసితో తర్వాత చేసిన పీపా మీద తన పేరు, తారీఖు జానెడు అక్షరాలతో చెక్కి అంగడి ముందు పెట్టాడు. కొనడానికొచ్చిన రైతు బుల్లయ్య ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివి, జేబులో పెట్టిన చెయ్యి ఖాళీగా బయటికి తీశాడు.

"దానమని ముందే చెప్పొద్దుట్రా హయాతూ? ఉండు, బండి తోలుకొస్తా."