బలానికి మాత్రలు

ఆయన్ని వీధిలో అందరూ సగం డాక్టరు అంటారు. వెనకాల కాదు, ముఖం మీదే అంటారు. ఆయనేమీ అనుకోడు, పైగా లోలోపల మురిసిపోతాడు. ముప్ఫై ఏళ్ళుగా అదే మందుల షాపు, అదే ఎత్తు స్టూలు, ముక్కు మీదికి జారే అవే కళ్ళద్దాలు. మనిషి మెట్టెక్కుతుండగానే రోగమేంటో చెప్పేస్తానని ధీమా. దగ్గుతూ వచ్చినవాడికి దగ్గు మందివ్వడం ఎవడికైనా వచ్చు, అదేం గొప్ప? ఏ రోగమూ లేకుండా ఊరికే "నీరసంగా ఉంటోందండీ" అనేవాళ్ళుంటారే, వాళ్ళకి చెయ్యి వెనక్కి చాపి, తల తిప్పకుండానే రెండో అరలోంచి బలానికి మాత్రలు తీసివ్వడం, అదీ ఆయన ఘనత.

"ఇవి నిజంగా పనిచేస్తాయంటారా?" అని ఎవరైనా నసిగితే ఆయన దగ్గర ఒక మాట సిద్ధంగా ఉండేది. "మేలు చేయకపోయినా కీడు చేయవు, వేసుకోండి." ఎన్ని వేలసార్లు అని ఉంటాడో ఆ మాట! నిజానికి వేళకి తిని తిరుగుతూ ఉండే మనిషికి వాటితో పెద్ద పనేమీ లేదని ఆయనకీ తెలుసు. తను మాత్రం ఒక్కటంటే ఒక్కటి మింగి ఎరగడు. అదేమిటయ్యా అంటే, "నాకేం రోగం?" అనేవాడు. మరి కొనుక్కెళ్ళేవాళ్ళకి ఏం రోగమో చెప్పేవాడు కాదు.

భార్యది రఫూ పని. ఇస్త్రీపెట్టె కాల్చినవీ, ఎలకలు కొరికినవీ, మేకుకి తగిలి చిరిగినవీ తెచ్చిస్తే, ఆ బట్ట మడతల్లోంచే పోగులు లాగి, చిల్లు ఎక్కడుండేదో తెచ్చినవాళ్ళే వెతుక్కునేట్టు అల్లి ఇచ్చేది. అందుకే అందరికీ ఆవిడ సూదమ్మ అయింది. కళ్ళు మూసుకుని బట్టని రెండు వేళ్ళ మధ్య నలిపి, "ఇది ఉత్త ఉన్ని కాదమ్మా, నూలు కలిసింది. ఎవరో మిమ్మల్ని మోసం చేశారు" అని చెప్పేసేది. కళ్ళు చెప్పలేనివి ఆ వేళ్ళు చెప్పేవి.

పిల్లలు లేరు. ఇంట్లో ఇద్దరే. మొగుడు చెడ్డవాడా అంటే, అయ్యో, ఎంత మాట! మంచివాడే. కాకపోతే ప్రేమని నోటితో చెప్పడం రాని మనిషి. "అలిసిపోయావా" అనడం రాదు, "బాగుంది" అనడం అంతకన్నా రాదు. ఆయనకి వచ్చిందల్లా చొక్కా జేబులోంచి మాత్రల స్ట్రిప్ తీసి ఆవిడ కంచం పక్కన పెట్టడం. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు గానీ, వాళ్ళింట్లో పెరటి చెట్టే దిక్కు. ముప్ఫై ఏళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా ఏ డాక్టరు గడపా తొక్కలేదు. అది తన గొప్పే అని ఆయన నలుగురిలో చెప్పుకునేవాడు.

ఇంకో అలవాటుంది, అసలు గొడవంతా అక్కడే వచ్చింది. షాపులో ఉన్నట్టే ఇంట్లోనూ అవతలివాళ్ళ మాట పూర్తి కానివ్వడు. సగం వినగానే మిగతా సగం తెలిసిపోయినట్టే ఉంటుంది ఆయనకి.

రెండేళ్ళ కిందట షాపుకి అద్దాల కౌంటరు వేయించి, పాత కౌంటరు బల్లని ఇంటికి మోయించుకొచ్చాడు. ఆవిడ చిన్న బల్ల తీసేసి కిటికీ పక్కన దీన్ని వేశాడు. "గట్టి చెక్క. ఇంకో ముప్ఫై ఏళ్ళు చెక్కుచెదరదు" అని దాని మీద అరచేత్తో కొట్టి చూపించాడు. ఆవిడ ఆ పెద్ద బల్ల చుట్టూ తిరిగి చూసి, సరేనని దాని ముందు కూర్చుంది.

రెండు నెలలయ్యాక ఒకరోజు భోజనాల దగ్గర అంది. "ఏవండీ, ఈ మధ్య కుడిచేతి చిటికెన వేలూ ఉంగరం వేలూ తిమ్మిరెక్కుతున్నాయి. నాకేమనిపిస్తోందంటే..."

"బి-కాంప్లెక్స్ తక్కువైంది" అన్నాడాయన, అన్నం కలుపుతూనే. నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది ఆవిడకి. సాయంత్రానికి స్ట్రిప్ వచ్చింది.

ఇంకొన్నాళ్ళకి, "తగ్గలేదండీ. అసలది..." అంది. "నరాల బలహీనత" అన్నాడు. మొదటిది ఉండగానే రెండో స్ట్రిప్ వచ్చింది. ఆ తర్వాత ఎవరో కంపెనీ మనిషి షాపుకొచ్చి, అన్ని విటమిన్లూ, అన్ని ఖనిజాలూ ఒకే మాత్రలో ఉన్నాయని అరచెయ్యంత డబ్బా ఒకటి ఊరికే ఇచ్చి వెళ్ళాడు. మంచి సరుకు బయటివాళ్ళకెందుకని అదీ ఇంటికే తెచ్చాడు. ఈసారి తిమ్మిరి అన్ని వేళ్ళకీ, రెండు చేతులకీ పాకింది. అరికాళ్ళ కింద ఎవరో బట్ట పరిచినట్టుందని కూడా అంది. "అయితే పూటకొకటి వేసుకో" అన్నాడు. ఆవిడ ఒక్క పూట కూడా మానలేదు. మొగుడు తెచ్చాడు కదా, మానితే చిన్నబుచ్చుకుంటాడని.

ఆ రోజుల్లోనే ఆవిడకో కొత్త అలవాటు వచ్చింది. ఏ బట్ట వచ్చినా ముందు తీసి చెంపకి ఆనించుకునేది. ఆయన చూసి, "ఏమే, గుడ్డల్ని ముద్దాడుతున్నావ్? మొగుడు ఇక్కడే ఉన్నాడు, చూసుకో" అని వేళాకోళం ఆడేవాడు. ఆవిడ నవ్వి ఊరుకునేది.

ఇలా ఏడాదిన్నర గడిచింది. ఒక మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి ఆవిడ కిటికీ దగ్గర తెల్ల ఉన్ని కోటు ఒడిలో పెట్టుకుని కుడుతోంది. ఎవరిదో, తాతగారి కోటట, భుజం మీద పురుగు కొట్టింది. దగ్గరికెళ్ళి చూస్తే కోటు మీద వరసగా ఎర్రటి చుక్కలు. ఆవిడ ఎడమచేతి చూపుడు వేలి కొసన రక్తం బొట్లు కడుతోంది. ఆవిడ మాత్రం తలొంచుకుని సూది గుచ్చుతూనే ఉంది.

"ఏయ్! ఆపు, ఆపు! వేలు చూసుకో!"

చూసుకుంది. వేలినీ, కోటునీ మార్చి మార్చి చూసింది.

"గుచ్చుకుంటే తెలీలేదూ?" అని అరిచాడాయన.

"తెలిస్తే ఆపేదాన్ని కదండీ" అంది మెల్లగా. ఆ పూట ఇద్దరూ ఎంగిలి పడలేదు. సగం డాక్టరు జీవితంలో మొదటిసారి భార్యని పూర్తి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు.

నరాల డాక్టరమ్మ చిన్నపిల్లే, ముప్ఫై ఐదు దాటి ఉండవు. మొదటి రోజు రక్తపరీక్షలూ, నరాల పరీక్షా రాసిచ్చి, వాడుతున్న మందులన్నీ ఈసారి తెమ్మంది. రెండోసారి వెళ్ళినప్పుడు కాగితాలన్నీ తిరగేసింది. షుగరు లేదు, థైరాయిడ్ బాగుంది, విటమిన్లేవీ తక్కువ లేవు. "తక్కువ కాదు, ఒకటి మరీ ఎక్కువుంది" అంది. "ఏం వాడుతున్నారో తెచ్చారామ్మా?"

ఆవిడ సూదుల డబ్బాలోంచి రెండు స్ట్రిప్పులూ, సంచీలోంచి పెద్ద డబ్బా తీసి బల్ల మీద పెట్టి, పూటకొకటి వేసుకుంటున్నానంది. డాక్టరమ్మ ఒక్కోటీ వెనక్కి తిప్పి, చీమ తలకాయలంత అక్షరాలు చదివి, ఒక్కోదాని మీద పెన్నుతో ఒకే చోట గీత గీసింది.

"చూడండి. మూడింట్లోనూ బి-సిక్స్ ఉంది. ఈ నరాలదాంట్లో అయితే మరీ ఎక్కువ. తిండిలో దొరికేదానికి ఇది ఎన్నో రెట్లు, అదీ పూటకొకటి. ఇది కొంచెం తక్కువైనా తిమ్మిర్లే, మరీ ఎక్కువై చాన్నాళ్ళు సాగినా తిమ్మిర్లే. తిమ్మిరని వేసుకున్నారు, వేసుకున్నందుకు తిమ్మిరి పెరిగింది, పెరిగిందని ఇంకా వేసుకున్నారు. అసలు లోటు ఉందో లేదో చూడకుండా ఎందుకు మొదలుపెట్టారు?"

మందుల వెనక ఉండే అలాంటి అక్షరాలు ముప్ఫై ఏళ్ళుగా ఆయన చేతుల్లోంచే వెళ్తున్నాయి. గడువు తేదీ చూసేవాడు, పేరు చూసేవాడు. ఇంట్లో మూడూ పక్కపక్కన పెట్టి ఒక్కనాడూ చదవలేదు.

"వీటిని ఎవరు రాశారు?" అని అడిగింది డాక్టరమ్మ.

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఎవరూ రాయలేదమ్మా, నేనే కొనుక్కున్నాను" అంది ఆవిడ టక్కున. "అందరూ వేసుకుంటున్నారు కదా అని."

డాక్టరమ్మ విసుగ్గా ఆయన వైపు తిరిగింది. "మీరైనా చూసుకోవద్దా అండీ? మీరేం చేస్తుంటారు?"

చెప్పొచ్చు కదా! నోరు తెరిచి ఆ ఒక్క ముక్కా చెప్పొచ్చు. మనిషి అన్నవాడు చెప్పాల్సిన చోటు అదే. "చిన్న వ్యాపారమండీ" అన్నాడు.

"ఇవన్నీ ఇవాళే ఆపేయండి. నరాలు మెల్లగా కోలుకుంటాయి. పూర్తిగానా, కొంతేనా అన్నది నేనిప్పుడు చెప్పలేను. ఏడాది పట్టొచ్చు. సూది పని మాత్రం ప్రస్తుతానికి వద్దు."

వచ్చేటప్పుడు బస్సులో ఆవిడే మాట కలిపింది. "కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందని పెద్దవాళ్ళు ఊరికే అనలేదండోయ్" అని నవ్వింది. తిట్టినా బాగుండును అనిపించిందాయనకి. నలుగురిలో కడిగేసినా బాగుండును.

"డాక్టరమ్మతో ఎందుకలా చెప్పావు?" అన్నాడు చివరికి.

"ఏం చెయ్యమంటారు? నా చేతులు ఎలాగూ ఇలా అయ్యాయి. నలుగురికి మందులిచ్చే చెయ్యి మీది. దానికి కూడా మాట వస్తే ఎలా?"

ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆవిడ చూడకూడదని.

మర్నాడు షాపు తెరిచాడు. పది గంటలకి ఒకావిడ వచ్చి, "నీరసంగా ఉంటోందండీ, బలానికి ఏమైనా ఇవ్వండి" అంది. అలవాటు కొద్దీ చెయ్యి వెనక్కి వెళ్ళింది, అరకి తగలకుండానే ఆగింది. "ఎప్పట్నుంచమ్మా?" అని అడిగాడు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. అత్తగారికి బాగాలేదట, నెలరోజులుగా నిద్ర లేదట, తిండి నిలబడి తినడమట. ఆయన మధ్యలో ఒక్క మాట మాట్లాడకుండా విన్నాడు. అంతా అయ్యాక, "మీకు కావాల్సింది మాత్రలు కాదమ్మా, రెండు పూటల నిద్ర. అయినా తగ్గకపోతే డాక్టరుకి చూపించుకోండి" అన్నాడు. ఆవిడ ఆయన్ని వింతగా చూసి వెళ్ళిపోయింది. ఆయనకి మాత్రం ఒక మాట చెవిలో గింగురుమంటూనే ఉంది, ఇంట్లో తను తుంచేసిన మాట. పన్నెండు కాకుండానే షట్టరు దించి ఇంటికి వెళ్ళాడు.

ఆవిడ బల్ల ముందు ఊరికే కూర్చుని ఉంది. ఎదురుగా ఆ తెల్ల కోటు మడత పెట్టి ఉంది.

"మొదట్లో ఒకరోజు భోజనాల దగ్గర నువ్వేదో చెప్పబోయావు. 'నాకేమనిపిస్తోందంటే' అన్నావు, గుర్తుందా? ఏమనిపించింది?"

"ఇప్పుడెందుకండీ అది?"

"చెప్పు. వింటాను."

ఆవిడ బల్ల వైపు తలూపింది. "ఈ బల్ల ఉంది చూశారూ, నాకు ఎత్తెక్కువ. అంచు కూడా పదును. రోజంతా మోచెయ్యి దీని మీదే ఆనించాలా, ఇక్కడ ఒత్తుకుపోయేది. దాని వల్లే ఆ రెండు వేళ్ళూ తిమ్మిరెక్కుతున్నాయేమో, ఈ అంచు కాస్త గీకిస్తారా అని అడుగుదామనుకున్నాను. అంతే."

"అంతేనా?"

"అంతే."

"మరి తర్వాతైనా చెప్పలేదేమే?"

"మీరంత నమ్మకంగా చెప్పేసరికి నాకు తెలిసిందేపాటిలే అనుకున్నాను. అయినా మీరు ముచ్చటపడి తెచ్చిన బల్లాయె. దానికి వంక పెట్టడానికి నోరు రాలేదు."

రెండేళ్ళ కింద ఒక్క నిమిషం నోరు మూసుకుని ఉంటే ఆకురాయితో అరగంటలో అయిపోయే పని. అటక మీంచి పనిముట్ల పెట్టె దించి, ఆకురాయి తీసుకుని, బల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. తెలిసీ పట్టుకున్నాడు. ముందు పదును తీశాడు, తర్వాత గరుకు కాగితం పెట్టి అంచు పొడుగునా రుద్దాడు. చెక్కపొడి కళ్ళద్దాల మీద పడింది. ఆవిడ "చాల్లెండి, భోజనం చేయండి" అని రెండుసార్లు పిలిచింది. వినలేదు. నాలుగింటికి గానీ లేవలేదు.

"వచ్చే నెల వెళ్ళినప్పుడు డాక్టరమ్మకి నేనే చెబుతాను. మాత్రలిచ్చింది నేనని" అన్నాడు పొడి దులుపుకుంటూ.

"సరే, చెప్పండి" అంది ఆవిడ. ఈసారి వద్దనలేదు.

"ఇది చూడు. నున్నగా అయిందా?"

ఆవిడ నాలుగు వేళ్ళూ బల్ల అంచు మీద పెట్టి, ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిపించింది. మళ్ళీ ఆ కొస నుంచి ఈ కొసకి. వేళ్ళ వంక ఒకసారి చూసుకుంది. తర్వాత కుర్చీ వెనక్కి జరిపి, వంగి, బల్ల అంచుకి చెంప ఆనించింది.

గుడ్డల్ని ముద్దాడుతున్నావా అని తను నవ్విన రోజులన్నీ అప్పుడు అర్థమయ్యాయి ఆయనకి. అక్కడే నేల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"అయిందండీ" అంది ఆవిడ, చెంప తియ్యకుండానే. "చాలా నున్నగా అయింది."