ఉల్లిపొట్టు రంగు

ముప్పై ఏళ్లపాటు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్ల మరకలు వదలగొట్టి రిటైరైన పెద్దావిడ ఇంటికి, బట్టలకు పనిగట్టుకుని రంగులంటించే కోడలు వచ్చింది. అత్త లేని కోడలు ఉత్తమురాలని ఊరికే అన్నారా? ఉల్లిపొట్టు పారేయకూడదు, దానిమ్మ తొక్క పారేయకూడదు. పక్కవీధి క్యాంటీన్ వంటాయన సంచెడు పొట్టు గుమ్మంలో పెట్టి, అది కోడలిగారికని చెప్పి నవ్వుతూ పోయేవాడు. పెద్ద గిన్నెలో అది ఉడుకుతుంటే ఇల్లంతా వాసన. రంగు పట్టేందుకు పటిక నీళ్లలో నానేసిన గుడ్డలు బాత్రూమంతా ఆక్రమించేవి. పెద్దావిడ బకెట్లను కాలితో పక్కకు నెట్టి, ఈ ఇంట్లో మనుషులకన్నా గుడ్డలకే మర్యాద ఎక్కువని గొణిగేది.

గొణిగితే గొణిగింది కానీ, ఆరిన ప్రతి గుడ్డనీ తీసుకెళ్లి బట్టల సబ్బుతో బాదేది. ఆమెకదో పంతం. మొదట్లో వేసిన రంగులన్నీ ఆ చేతుల్లో రెండు ఉతుకులకే తేలిపోయాయి. కోడలు అలగలేదు. పటిక పాళ్లు మార్చింది, నానబెట్టే గంటలు పెంచింది, మళ్లీ వేసి తెచ్చి అత్త ముందు పెట్టింది. ఆర్నెల్లకు ఉల్లిపొట్టుతో వేసిన ముదురు బంగారు రంగు పన్నెండు ఉతుకులకు కూడా చెక్కుచెదరలేదు. ఆ రోజు పెద్దావిడ "పర్లేదు" అంది. ఆ నోటి నుంచి అంత మాట రావడం చిన్న విషయం కాదు.

ఆ ధైర్యంతోనే కోడలు అదే రంగులో అయిదు చున్నీలు తయారుచేసి, బజారులోని పెద్ద బట్టల షాపుకు బయల్దేరింది. తన రంగు ఆ అద్దాల వెనక ఒక్కసారైనా వేలాడాలని ఆమె కోరిక. తోడుగా అత్త వెళ్లింది.

షాపాయన అయిదింటినీ తిరగేసి పక్కన పెట్టాడు. అంతలో ఆయన చూపు కోడలి మెడలోని చున్నీ మీద పడింది. నిన్న వంటింట్లో మిగిలిన పసుపుతో సరదాగా తనకోసం వేసుకున్నది అది. ట్యూబులైటు కింద ధగధగలాడుతోంది.

"ఇలాంటివి నలభై చేసివ్వండి. రేపే మొదలుపెట్టండి," అన్నాడాయన.

పసుపు సంగతి పెద్దావిడకన్నా ఎవరికి బాగా తెలుసు? సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, నాలుగు ఎండలకు మాయమవుతుంది. పసుపు మరకల దుప్పట్లను ఎండకే వదిలేసి చేతులు దులుపుకున్న మనిషి ఆమె. అయినా నోరు విప్పలేదు. నలభై అంటే మాటలా? ఒప్పుకో పిల్లా అన్నట్టు కోడలి మోచేతిని మెల్లగా గిల్లింది కూడా.

కోడలు అది అమ్మేది కాదంది. ఎండకు నిలవదనీ, నిలిచే రంగు ఆ అయిదు చున్నీలదేననీ చెప్పింది. షాపాయన నవ్వాడు. పోయేది కొనుక్కెళ్లాక కదా, అప్పుడెవరికి తెలుస్తుందన్నాడు. పసుపుది కాకపోతే మిగతావి తనకక్కర్లేదని కూడా తేల్చేశాడు.

"ఉతికేవాళ్లకు తెలుస్తుందండీ," అంది కోడలు. "రంగు పోతే తప్పు వాళ్ల మీదే పడుతుంది."

చున్నీలు మడత పెట్టుకోవడం మొదలుపెట్టింది. చేతికొచ్చింది నోటిదాకా రాలేదు.

పెద్దావిడకు తల కొట్టేసినట్టయింది. లాండ్రీలో ఎన్నిసార్లు చీవాట్లు తినలేదు? చవకరంగు కర్టెన్లు కొన్నవాళ్లు బాగానే ఉన్నారు, వెలిసిపోయినందుకు మాటలు పడింది తను. ఇన్నేళ్లలో ఆమె వైపు నిలబడి ఎవరూ ఒక్క మాట అనలేదు. ఇవాళ ఈ పిల్ల నలభై చున్నీలు కాలదన్నుకుని ఆ మాట అంది. తను గిల్లిన చేయి తనకే సిగ్గుగా తోచింది. ఆ సిగ్గు వెనకే గర్వం పొంగుకొచ్చింది.

కోడలి చేతిలోంచి ఒక చున్నీ లాక్కుని, కుళాయెక్కడని అడిగింది. షాపు వెనక ఉన్న సబ్బుతో, ఉన్న బలమంతా పెట్టి రుద్దింది, పిండింది, మళ్లీ రుద్దింది. ఆ తడి చున్నీని తెచ్చి గల్లా మీదున్న తెల్లగుడ్డలో చుట్టి, రెండు చేతులతో అదిమింది. షాపాయన తెల్లగుడ్డను విప్పి, రెండువైపులా తిప్పి చూశాడు. ఎక్కడా చుక్క రంగు లేదు.

కాసేపటికి ఆయన అయిదు హ్యాంగర్లు తెమ్మని లోపలికి కేకేశాడు. రంగులు మీరే వేస్తారా అని పెద్దావిడను మర్యాదగా అడిగాడు.

"నాకు తియ్యడమే వచ్చు బాబూ," అంది పెద్దావిడ. "ముప్పై ఏళ్లలో నా చేతికి లొంగని రంగు ఇదొక్కటే. వేసింది మా కోడలు."