డ్రయ్యర్ చప్పుడు

నిండా అయిదో నెల కడుపుతో ఉన్న అమ్మాయి తలకు, జుట్టు నిటారుగా నిలిపే మందు పట్టిస్తూ ఉండగా మెత్తచేతులావిడ గొంతులో గరగర మొదలైంది. ఎడమ చెయ్యి దానంతటదే కొక్కేనికున్న డ్రయ్యర్ వైపు వెళ్ళి, సగంలో ఆగింది. మందు తడి మీద వేడిగాలి కొడితే ఆవిరి లేస్తుంది. లాలాజలం మింగి దగ్గును కిందికి తోసేసింది.

ఆవిడ అసలు పేరు పార్లర్ యజమాని ఓనరక్కకే గుర్తుండదు. ఆ చేతుల్లో తల పెట్టి కునుకు తీసిన ఒకావిడ లేచి, ఇది ఏ ఊరని అడిగిందని చెప్పుకుంటారు. అడిగే ఉంటుంది.

నాలుగేళ్ళ కిందట దగ్గు పట్టుకుంది. కుర్చీలో ఉన్నవాళ్ళు ముఖం పక్కకు తిప్పుకోవడం అద్దంలో కనబడేది. దొంగతనం చేస్తూ దొరికినట్టు ఆవిడకు తల కొట్టేసినంత పనయ్యేది. అప్పుడు కనిపెట్టింది ఉపాయం. దగ్గు రాగానే డ్రయ్యర్ వెయ్యడం, దాని హోరులో కడుపారా దగ్గేయడం. దాంతో కనుబొమలు తీయించుకోవడానికి వచ్చినవాళ్ళకు కూడా జుట్టు ఆరిపోయేది. ఆ వీధిలో వానలో తడిసినవాళ్ళు సైతం పొడి తలతోనే ఇల్లు చేరేవారంటే అతిశయోక్తి కాదు, కాస్త అయినా పరవాలేదు.

నిన్న డాక్టరు ఒక గొట్టం ఇచ్చి ఊదమన్నాడు. పద్దెనిమిదేళ్ళు ఊరందరి తలల మీదికి గాలి కొట్టిన మనిషికి, అందులో ఊదడానికి గాలి చాల్లేదు. ఆ పార్లర్ మందుల గదిలోకి ఇక అడుగు పెట్టొద్దన్నాడాయన. ఇంటికెళ్ళి మొగుడికి ఏమీ కాలేదని చెప్పింది. ఆయన నవ్వి, నువ్వు వీధి మలుపు తిరగకముందే నీ మందు వాసన ఇంటికొస్తుందే, అన్నాడు. ఆవిడకు ఏ వాసనా తెలియక రెండేళ్ళయింది. ఆ సంగతీ చెప్పలేదు. తెల్లారగానే మళ్ళీ పనికొచ్చేసింది.

"అక్కా, ఈ వాసన లోపలున్న బిడ్డకేమన్నా చేస్తుందంటారా?" అని అడిగిందా అమ్మాయి, కళ్ళు నులుముకుంటూ.

కౌంటరు దగ్గర ఓనరక్క తలెత్తింది.

"ఏం కాదమ్మా. పద్దెనిమిదేళ్ళుగా పీలుస్తున్నాను, నాకేమైంది? గుండ్రాయిలా లేనూ?"

ఆ మాట పూర్తయీ కాకముందే దగ్గు తన్నుకొచ్చింది. ఈసారి చెయ్యి ఆగలేదు. డ్రయ్యర్ హోరుమంది. మందు ఆవిరి తెల్లగా లేచి నేరుగా అమ్మాయి ముఖానికి కొట్టింది. అమ్మాయి ఉక్కిరిబిక్కిరై దగ్గుతూ, ముక్కు మూసుకోకుండా రెండు చేతులతో పొట్టను మూసుకుంది.

అది అద్దంలో చూసింది మెత్తచేతులావిడ. ఆ అద్దం వెనక గాలిని బయటికి లాగే ఫ్యాన్ కన్నం ఉంది. ఫ్యాన్ గోల చేస్తోంది, కన్నం మూసి అద్దం పెడితే గది రెండింతలు కనబడుతుందని ఓనరక్కకు సలహా ఇచ్చింది తనే.

డ్రయ్యర్ ఆపింది. నిశ్శబ్దంలో, అందరికీ వినబడేలా, వంగిపోయి దగ్గింది. చాలాసేపు పట్టింది.

"లేమ్మా, కడిగేస్తాను," అంది నోరు తుడుచుకుని. "నేను చెప్పింది అబద్ధం."

మూడుసార్లు కడిగింది, ఆ మెత్తటి చేతులతోనే. అమ్మాయి వెళ్తూ వెళ్తూ థాంక్సండీ అంది. తిట్టినా బాగుండేది.

"కస్టమర్ ముందు అంత మాట అనాలటే?" అంది ఓనరక్క, గొంతు తగ్గించి.

"నాలుగేళ్ళ కిందటే అనాల్సిందక్కా. ఆ అద్దం తీయించెయ్. పెట్టమన్నది నేనే."

"రేపొస్తావా?"

"రానక్కా."

ఓనరక్క కొంగుతో నోరు అదుముకుని నేల చూపులు చూసింది. ఏడుపు ఆపుకుంటోందనుకుంది ఆవిడ. యాప్రాన్ మడిచి కుర్చీ మీద పెట్టి, నాలుగు మెట్లకోసారి ఆగుతూ కిందికి దిగింది.

వీధి గుమ్మం దాకా వచ్చేసరికి పైనుంచి డ్రయ్యర్ హోరు వినబడింది. పైన కస్టమర్లెవరూ లేరు, ఓనరక్క ఒక్కతే ఉంది. ఆవిడ మెట్ల కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది. తన బొటనవేలి ఒత్తిడికి అరిగితే తనే నల్ల టేపు చుట్టిన ఆ డ్రయ్యర్ మోగుతూనే ఉంది, ఎంతకీ ఆగకుండా.