ఎనిమిది వందల కళ్ళెం

ఐదింటికి పందెం. గోడ గడియారం నాలుగూ పది చూపిస్తోంది. కంప్యూటరు మాత్రం తనకేం పట్టనట్టు నత్తనడక నడుస్తోంది.

చెల్లెలు కంప్యూటరుకి తగిలించిన ఆట స్టీరింగు మీద చేతులేసి కూర్చుంది. తెర మీద కారు కాస్త పరిగెత్తి ఆగుతోంది, మళ్ళీ ఉలిక్కిపడి లేస్తోంది. మూడు చుట్లలో ఒక్కటైనా నూట రెండు సెకన్ల లోపు పూర్తిచేస్తే ఆన్‌లైన్ కారు పందేల జట్టులో మిగిలిన ఒకే ఒక్క చోటు ఆమెది. చెయ్యలేకపోతే ఇక ఆట జోలికే పోనని పొద్దున్నే చెప్పేసింది. ఉత్తుత్తి మాటలు మాట్లాడే పిల్ల కాదు.

"అన్నయ్యా, ఏదో ఒకటి చెయ్యి. నా చేతులెలాగూ మందం. దానికి ఈ మిషను కూడా తోడైతే ఎలా?"

అన్నయ్య ప్రింటింగ్ ప్రెస్సులో మిషన్లు నడుపుతాడు. ఇంట్లో మిక్సీ ఆగినా, గేటు కిర్రుమన్నా అందరూ అతన్నే పిలుస్తారు. ఈ పాత కంప్యూటర్లో లినక్స్ ఎక్కించిందీ అతనే. అప్పట్నుంచీ దాని మీద ఈగ వాలనివ్వడు.

పక్క రేకు విప్పి దుమ్ము దులిపాడు. ఫ్యాను బాగానే తిరుగుతోంది. డెస్క్‌టాప్ మీది హంగులన్నీ పీకేశాడు. ఆటలో చెట్ల నీడలు, నీళ్ళ మెరుపులు తీసేశాడు. చివరికి బొమ్మ సైజు కూడా సగానికి దించాడు. కారు ముక్కూ మొహం లేని డబ్బాలా తయారైంది గాని, వేగం వీసమెత్తు పెరగలేదు. టైము నాలుగున్నర అయింది.

బొమ్మ పని సగం తగ్గినా ఆట అలాగే కుంటుతోందంటే తప్పు గ్రాఫిక్స్ కార్డుది కాదు, ప్రాసెసరుది. ఆదేశాలు కొట్టే టెర్మినల్ తెరిచి దాని వేగం చూశాడు. మూడు వేల మెగాహెర్ట్జ్ దాటాల్సింది ఎనిమిది వందల దగ్గర చేతులు కట్టుకుని కూర్చుంది. వేడెక్కి తగ్గిందా అనుకుంటే, చల్లగానే ఉంది. అంటే ఎవరో కావాలని కట్టేశారు.

దీని లోపల చెయ్యి పెట్టేది అన్నయ్య ఒక్కడే. కంప్యూటరు లేవగానే నడిచే ఫైళ్ళ జాబితా తెరిచాడు. అందులో ఒకదాని పేరు ‘పరీక్షలు’. లోపల ఒకే వరుస: వేగం ఎనిమిది వందలు దాటకూడదు. తేదీ రెండేళ్ళ కిందటిది.

అప్పుడు చెల్లెలికి పరీక్షలు. ఆట మానమంటే వినదు, గట్టిగా అంటే అలుగుతుంది. అందుకని దొడ్డిదారిన కళ్ళెం వేశాడు పెద్దమనిషి. పాఠాలు చదువుకోడానికి ఆ వేగం చాలు, ఆట మాత్రం కుంటుతుంది, విసుగొచ్చి తనే లేస్తుంది అనుకున్నాడు. నెల తర్వాత తీసేద్దామనుకుని మరిచిపోయాడు. ఆ తర్వాత ఆమె ఎన్నిసార్లు ఓడి ఏడ్చిందో, ఎన్నిసార్లు తనే పక్కన కూర్చుని ‘సాధన చెయ్యి, చేతులు తిరుగుతాయి’ అని బోధించాడో గుర్తొచ్చి, సిగ్గుతో చచ్చిపోయాడు.

"దొరికిందా?"

"ఆఁ, ఏదో చిన్నదే," అన్నాడు. ఫైలు తుడిచేసి, పరిమితి ఎత్తేశాడు.

ఈసారి కారు దూసుకుపోయింది. చెల్లెలి మొహం వెలిగింది. మొదటి మలుపులోనే వెళ్ళి గోడకి గుద్దింది. రెండోసారీ అదే గోడ. మూడోసారీ అంతే.

"ముందే తిప్పేస్తున్నాను," అందామె. "ఇన్నాళ్ళూ తెర వెనకబడుతుందని మలుపు రాకముందే తిప్పడం అలవాటైపోయింది. ఇప్పుడేమో తిప్పగానే తిరుగుతోంది. పది నిమిషాల్లో ఈ చేతులు మారవు. ముందున్నట్టే పెట్టెయ్."

"చిట్టీ, ఇప్పుడే కదా బాగైంది. ఇంకో రెండుసార్లు..."

"పెట్టెయ్ అన్నయ్యా."

చూసి రాద్దామంటే ఫైలు లేదు. తడుముకోకుండా వరుసంతా కొట్టాడు, చివర్న ఎనిమిది వందలతో సహా.

"ఆ అంకె నీకెలా తెలుసు?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"నేనే పెట్టాను. నీ పరీక్షలప్పుడు. తియ్యడం మరిచిపోయాను."

ఆమె స్టీరింగు మీంచి చేతులు తీసి చూసుకుంది.

"అయితే నా చేతులు మందం కాదు."

"కాదు."

"రెండేళ్ళు, అన్నయ్యా."

గడియారం ఐదుకి నాలుగు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"ఎంటర్ కొట్టు," అంది.

మొదటి చుట్టు నూట నాలుగు సెకన్లు. రెండోది నూట రెండున్నర. మూడో చుట్టులో అన్నయ్య ఆమె చేతులనే చూశాడు. తెర మీదికి మలుపు రాకముందే అవి తిరిగిపోతున్నాయి, కారు కుంటుకుంటూ వాటి వెనకే వెళుతోంది. నూట ఒకటి పాయింట్ ఎనిమిది. జట్టు జాబితాలో ఆఖర్న ఆమె పేరు చేరింది.

అన్నయ్య ఆమె భుజం తట్టబోయి ఆగిపోయాడు.

"ఇప్పుడు తీసెయ్," అంది చెల్లెలు. తీసేశాడు. "ఈ కంప్యూటరు పాస్‌వర్డు మార్చే చోటు తెరువు." తెరిచాడు.

"నువ్వటు తిరుగు."

అతను గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. వెనక కీబోర్డు చాలాసేపు టకటకలాడింది.