మూడో వాటా

హసీనాకు తన ఫ్లాపీ అంటే కాస్త గర్వమే. ఉండకూడదా మరి? నిజామాబాద్‌లోని చెరకు రైతుల సంఘం ఆఫీసులో కంప్యూటర్ల పని చూసేది ఆమె ఒక్కతే. సంఘానికి చుట్టుపక్కల ఊళ్లలో ఆరు శాఖలు, శాఖకో సర్వర్. కరెంటు పోతూ వస్తూ ఆడే ఆటలకు, పిడుగులకు అవి నెలకొకటి చొప్పున మూలన పడేవి. పడినప్పుడల్లా హైదరాబాద్ నుంచి ఇంజనీరు దిగేదాకా నాలుగు రోజులు అందరూ గోళ్లు గిల్లుకుంటూ కూర్చునేవాళ్లు.

దాంతో విసిగిపోయి 2002 ఎండాకాలమంతా కూర్చుని ఆమె ఒక జవాబుల ఫైలు రాసింది. సర్వర్‌ను మళ్లీ సిద్ధం చేసేటప్పుడు యంత్రం అడిగే ప్రశ్నలన్నిటికీ అందులో ముందే జవాబులున్నాయి. డిస్కును ఎన్ని వాటాలు చేయాలి, ఏ వాటా ఎంత ఉండాలి, అన్నీ. సీడీ, ఫ్లాపీ పెట్టి స్విచ్ వేస్తే మిగతాది యంత్రమే చూసుకుంటుంది. ఆఫీసులోని పాత యంత్రం మీద మూడుసార్లు పరీక్షిస్తే మూడుసార్లూ పని చేసింది. ఆ యంత్రంలో పోగొట్టుకోవడానికి ఏమీ లేదన్న సంగతి మాత్రం ఆమెకు తట్టలేదు. ఆరు శాఖలకూ ఆరు ఫ్లాపీలు పంపింది. ఒక్కోదాని మీద చీటీ కూడా అంటించింది: "పెట్టండి, స్విచ్ వేయండి, చాయ్ తాగి రండి."

అక్టోబరు చివర్లో, చెరకు కోతలకు ఇంకా పది రోజులున్నాయనగా, ఎడపల్లి శాఖ అటెండరు లాజరు ఫోన్ చేశాడు.

"నిన్న పొద్దుమూకంగ పిడుగు పడ్డది, హసీనమ్మా. మిషిని లేస్తలేదు. నువ్వు రాసినట్టే ఫ్లాపీ పెట్టిన, స్విచ్ ఏసిన, చాయ్ తాగొచ్చిన. గిప్పుడు ఏందో రాసి ఆగింది. కింద ఓకే అని ఉన్నది. ఒత్తమంటవా?"

హసీనాకు అప్పుడు తట్టింది. ఆ ఫైల్లో మొట్టమొదటి జవాబు, డిస్కు మీద ఉన్నదంతా తుడిచేయమని. ఎడపల్లి డిస్కు మీద ఉన్నది లాజరు రెండేళ్ల నడక. గట్టు గట్టూ తిరిగి, మూడు వందల మంది రైతుల్లో ఎవరు ఏ రోజు చెరకు నాటారో అడిగి, ఒంటివేలితో టైపు చేశాడతను. కోతకు ఎవరి వంతు ఎప్పుడో తేలేది ఆ తేదీలతోనే. కాగితాలేమో చెదలు తిన్నాయి, ఫ్లాపీల్లో తీసి ఉంచిన కాపీకి వానాకాలం బూజు పట్టింది. ఆ జాబితా పోయిందంటే గొంతున్నవాళ్ల తోటలే ముందు తెగుతాయి. ఎల్లవ్వ లాంటి ఒంటరి మనిషి ఎకరం చెరకు ఎండి బెండుబారిపోతుంది.

"ఏం ముట్టకు లాజరన్నా. ఓకే ఒత్తకు. ఎవర్నీ దగ్గరికి రానియ్యకు. నేను వస్తున్న."

బయల్దేరే ముందు మిగతా ఐదు శాఖలకూ ఫోన్ చేసి ఆ ఫ్లాపీ వాడొద్దని చెప్పింది. బోధన్ బస్సు జానకంపేట దాటేదాకా తనను తాను తిట్టుకుంటూనే ఉంది.

ఎడపల్లిలో లాజరు యంత్రం ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పెదవులు మాత్రం ప్రార్థనలో కదులుతున్నాయి. గుమ్మంలో ఎల్లవ్వ.

"నా వంతు ఎన్నడని అడుగుదామని వస్తే లోపలికే రానిస్తలేడు బిడ్డా. గంటన్నరాయె," అంది.

హసీనా తెర మీది మాటలు రెండుసార్లు చదివింది. అడిగిన వాటాలకు డిస్కులో చోటు చాలడం లేదట. పోయినేడు హైదరాబాద్ ఇంజనీరు ఈ సర్వర్‌కు డిస్కు మార్చి చిన్నది వేసి, ఉన్న జాబితాను అందులోకి ఎక్కించాడు. ఆమె ఫైల్లో కొలతలన్నీ పెద్ద డిస్కువి. వాటాలు కుదిరాకే యంత్రం తుడవడం మొదలుపెడుతుంది. కుదరలేదు గనుక దేన్నీ ముట్టకుండా ఆగిపోయింది.

అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు బయటికొచ్చేసింది. "తప్పు నాది లాజరన్నా. ఇది ఆగకపోతే నీ రెండేండ్ల పని మొత్తం పోతుండె."

లాజరు తెర వైపు వేలు చూపాడు. "గిప్పుడైతే ఉన్నది గద?"

"ఉన్నట్టే. చూడాలె."

"మరి ఏడ్చుడెందుకు? మళ్ల రాయి."

హసీనా కళ్లు తుడుచుకుని సీడీతో డిస్కును తెరిచి చూసింది. ఆ ఇంజనీరు చేసిన మూడు వాటాలూ అలాగే ఉన్నాయి. మొదటి రెండూ యంత్రం నడవడానికి. మూడోదాంట్లో లాజరు జాబితా. పక్క గదిలోని కంప్యూటర్లో ఫైలు తిరగరాసింది. మొదటి రెండు వాటాలే తుడిచి కొత్తగా వేయాలి, మూడోదాన్ని ముట్టకూడదు.

ఆమె ఏం రాసిందో లాజరు విడమరిచి చెబితే ఎల్లవ్వ తలూపింది. "చెరుకు నరికినంక మోళ్లు పీకం గద, మళ్ల చిగురుతదని. గట్లనే అన్నట్టు."

ఈసారి ఎవరూ చాయ్‌కు పోలేదు. అరగంట ముగ్గురూ తెర వంకే చూస్తూ కూర్చున్నారు. యంత్రం ఒక్క ప్రశ్న కూడా అడగకుండా పని ముగించి, తనంతట తానే లేచింది. లాజరు ఒంటివేలితో ఎల్లవ్వ పేరు కొట్టాడు.

"తొమ్మిదో వంతు, అవ్వా."

"గా పెద్ద గొంతు ఎర్రన్నకు ఎన్నోది?"

"పదకొండు."

"అయితే మంచిదే," అని ఎల్లవ్వ కొంగు దులుపుకుని లేచింది.

హసీనా కొత్త ఫైలును మరో ఐదు ఫ్లాపీల్లోకి ఎక్కించింది. ఒక్కో యంత్రంలో వాటాలు చూశాకే వాడాలని చీటీలు రాసి అంటించింది. శుక్రవారం నుంచి శాఖలన్నీ తనే తిరుగుతానంది.

లాజరు అప్పటికే ఇంటికి పోవడానికి చెప్పులు తొడుక్కుంటున్నాడు. ఆ ఐదు ఫ్లాపీలూ ఆమె చేతిలోంచి తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"శుక్రారం దాకెందుకు? రేపు పొద్దుగాలనే పోదాం బిడ్డా. తొవ్వ నేను జూపిస్త. గా ఊర్ల గట్లన్ని నాకు ఎర్కే."